ఇంట్లో చేసుకునే సోలార్ హీటర్: కొన్న సామాను మీద నా రివ్యూ

సోలార్ హీటర్ సొంతంగా చేసుకుందామనుకునే వాళ్ళు సామాను కొనేటప్పుడు ఒక లెక్క వేస్తారు. స్నానానికి 45 డిగ్రీల నీళ్ళు చాలు కదా, ఆ మాత్రం వేడికి ఏ పైపైనా ఆగుతుంది, ఏ అట్టైనా ఆగుతుంది అని. అలా కొన్న సామాను డిసెంబరులో బాగానే ఉంటుంది. మే నెలలో మీరు పెళ్ళికని ఊరెళ్ళారనుకోండి. బోరు మోటారు కాలిపోయింది, పైన ట్యాంకు ఎండిపోయింది, పైపుల్లో చుక్క నీళ్ళు లేవు. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ అద్దం మీద పడుతూనే ఉంటుంది. అప్పుడు లోపలి రేకు 120 డిగ్రీలు దాటుతుంది, గాలి లేకపోతే 150 దాకా పోతుంది. ఆ పూట పాడవకుండా నిలబడే వస్తువే కొనాలి. కింద రాసిన ప్రతి వస్తువునీ నేను ఆ ఒక్క ప్రశ్నతోనే చూశాను: నీళ్ళు లేని మధ్యాహ్నం ఇది ఏమవుతుంది?

మాది అనంతపురం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా మరిది ఏసీ మెకానిక్. లెక్కలు నావి, టార్చి అతనిది. మేం చేసింది పంపు లేని రకం. పైన అద్దం, లోపల నల్ల రేకుకి బిగించిన నీళ్ళ పైపులు, అడుగున వేడి పోకుండా ఆపే మెత్త: ఇదీ ఎండలో పెట్టే పెట్టె. పెట్టెలో వేడెక్కిన నీళ్ళు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, ట్యాంకు అడుగునున్న చల్ల నీళ్ళు పెట్టెలోకి దిగుతాయి. దీనికి ట్యాంకు అడుగు పెట్టె పైఅంచు కన్నా కనీసం ఒక అడుగు ఎత్తులో ఉండాలి. లేకపోతే రాత్రి ఇదే ఆట తిరగబడి, ట్యాంకులో వేడంతా పెట్టెలోకి దిగి చల్లారిపోతుంది. 100 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 4 యూనిట్ల కరెంటుకు సరిపడా వేడి కావాలి. మబ్బు లేని రోజున మా ఊళ్ళో చదరపు మీటరు మీద 5 యూనిట్లకు తక్కువ ఎండ పడదు. చేత్తో చేసిన పెట్టె అందులో నలభై శాతం పట్టుకుంటే గొప్ప. కాబట్టి రెండు చదరపు మీటర్లు, అంటే మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు.

ఇంత గొడవ ఎందుకు, డ్రమ్ముకి నల్ల రంగేసి అద్దాల పెట్టెలో పెడితే పోదా అని చాలామంది అడుగుతారు. అమెరికాలో క్లారెన్స్ కెంప్ అనే ఆయన 1891లో పేటెంట్ తీసుకున్నది సరిగ్గా ఆ పద్ధతికే. సాయంత్రం స్నానానికి అది బ్రహ్మాండం. తెల్లారేసరికి నీళ్ళు చల్లారిపోతాయి, ఎందుకంటే వేడెక్కే చోటే నిలవ కూడా. 1909లో విలియం బెయిలీ ట్యాంకును విడదీసి దానికి వేడి పోకుండా దుప్పటి కప్పాడు, ఆ కంపెనీకి పేరే డే అండ్ నైట్ అని పెట్టాడు. మన ఇళ్ళల్లో పొద్దున్నే కదా స్నానాలు. అందుకే ట్యాంకు వేరుగా ఉండాల్సిందే.

ఇక సామాను. మొదట రాగి. బడ్జెట్‌లో పెద్ద ముక్క దీనిదే, బేరమాడకూడనిదీ ఇదే. అర అంగుళం పైపులు నిలువుగా తొమ్మిది, వాటిని పైనా కిందా కలిపే అంగుళం పైపులు రెండు. నిలువు పైపుల్ని రైజర్లంటారు, అడ్డంగా వచ్చే వాటిని హెడర్లంటారు. ఏసీ వాళ్ళు వాడే చుట్ట పైపు చవగ్గా దొరుకుతుంది కానీ అది మెత్తన, ఎంత సాగదీసినా తిన్నగా రాదు. వంకరున్న చోట గాలి బుడగ నిలిచి నీళ్ళు ఆగిపోతాయి. తిన్నని పైపే అడగండి. గేజి, అంటే పైపు గోడ మందం, కూడా చూసుకోవాలి. అంకె పెరిగితే గోడ పలచన. 22 గేజి అడిగితే 24 గేజి చేతిలో పెట్టే షాపులున్నాయి, చూడ్డానికి రెండూ ఒకటే. తూకం వేయించండి. అర అంగుళం పైపు మీటరుకు 22 గేజి అయితే 240 గ్రాముల దగ్గర తూగుతుంది, 24 అయితే 190 దగ్గర. అడుగుల లెక్కన అమ్మే చోట ఈ తేడా మీ జేబులోంచే పోతుంది. మొత్తం కలిపి అయిదు కిలోల పైచిలుకు రాగి పట్టింది.

రాగి బదులు జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, పెడితే సగం ఖర్చు తగ్గుతుందని ప్లంబర్లు చెబుతారు. తగ్గుతుంది, నిజమే. కానీ ఇనుముకి జింకు పూత కాపలా కాసేది చల్ల నీళ్ళలో. 60 డిగ్రీలు దాటాక కొన్ని రకాల నీళ్ళలో ఆ కాపలా తిరగబడి ఇనుమే ముందు తినుకుపోతుంది. మా బోరు నీళ్ళు బకెట్టుకి తెల్ల చారలు కట్టే నీళ్ళు, వాటితో ఆ ప్రయోగం నేను చేయను. రాగి పెట్టె, జీఐ ట్యాంకు కలిపి వాడటం ఇంకా చెడ్డది. నీళ్ళలో కరిగిన రాగి వెళ్ళి జింకు మీద కూర్చుని అక్కడక్కడా చిల్లులు పెడుతుంది. ఇక మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ పైపు చుట్టలు చుట్టి పెట్టే పద్ధతి ఉంది. గోరువెచ్చని నీళ్ళకి ఫరవాలేదు. నీళ్ళు లేని మధ్యాహ్నం మాత్రం ఆ చుట్ట మెత్తబడి ఒకదాని మీద ఒకటి వాలిపోతుంది.

అతుకులకు మా మరిది ఫాస్ఫరస్ కలిసిన బ్రేజింగ్ రాడ్డు వాడాడు. రాగికి రాగి అతికేటప్పుడు దానికి ఫ్లక్స్ (అతుకు పట్టడానికి రాసే మందు) కూడా అక్కర్లేదు, ఇత్తడి యూనియన్ (విప్పి బిగించుకునే జాయింటు) దగ్గర మాత్రం కావాలి. మామూలు సీసం మాటు చాలదా అని అడిగాను, చవక కదా అని.

"వదినా, మాటు వేస్తే వేసవికల్లా మళ్ళీ నన్నే పిలుస్తారు" అన్నాడు.

అతను చెప్పింది అనుభవం, నేను పుస్తకంలో చూసుకుంటే అదే. మామూలు సీసం టంకం 183 డిగ్రీలకు కరిగిపోతుంది, 150 దగ్గరే పట్టు వదిలేస్తుంది. పైగా ఆ సీసం మన నీళ్ళలోకి. అంతా అతికాక నైట్రోజన్ నింపి అతుకులన్నిటికీ సబ్బు నురగ రాశాడు. ఏసీ వాళ్ళకి ఇది రోజూ చేసే పని. మీ ఇంట్లో మెకానిక్ లేకపోతే ఈ ఒక్క పని కూలికి చేయించుకోండి, రాడ్డు ఏదో మీరే దగ్గరుండి చూడండి.

రాగి దగ్గర పెట్టిన చేయి రేకు దగ్గరికొచ్చేసరికి ముడుచుకోవచ్చు. పైపుల కింద రాగి రేకే వేయాలని పట్టుబట్టేవాళ్ళున్నారు. రాగి వేడిని అల్యూమినియం కన్నా దాదాపు రెట్టింపు బాగా మోస్తుంది, సందేహం లేదు. అయితే ఇక్కడ వేడి ప్రయాణం చేయాల్సింది ఎంత? పైపుకీ పైపుకీ మధ్య 11 సెంటీమీటర్లు, అంటే మధ్యలోంచి పైపు దాకా అయిదున్నర. ఇంత చిన్న దూరానికి అర మిల్లీమీటరు అల్యూమినియం రేకు నూటికి 95 పాళ్ళు పనిచేస్తుంది, అదే మందం రాగి రేకు 97, 98. ఆ రెండు మూడు పాళ్ళ కోసం రేకు ఖర్చు ఎన్నో రెట్లు పెంచుకోవడం దండగ.

అసలు తేడా వచ్చేది రేకు, పైపు తాకే చోట. ఇక్కడ కొనేది ఏమీ లేదు, ఓపిక కావాలి. ఒక టేకు చెక్కలో పైపు సగం మునిగేంత గాడి తీయించాం. దాని మీద రేకు పరిచి, పైన 12 ఎంఎం నున్నని కడ్డీ పెట్టి, చెక్క సుత్తితో ఒక చివర నుంచి రెండో చివర దాకా కొంచెం కొంచెంగా కొట్టుకుంటూ పోవాలి. ఒక్క దెబ్బకి లోతుగా దింపాలని చూస్తే రేకు చిరుగుతుంది. గాడి దిగాక పైపు అందులో పెట్టి రేకును వెలుతురుకి ఎత్తి పట్టుకోవాలి. పైపు పక్కన సన్నటి వెలుగు గీత కనిపిస్తే అక్కడ గాలి ఉన్నట్టే, గాలి ఉంటే వేడి దాటదు. మా మరిది ఆ గీత కనిపించిన ప్రతిచోటా మళ్ళీ సుత్తి పట్టుకున్నాడు. తర్వాత రేకుకి చిన్న చిల్లులు వేసి జానెడుకొకటి చొప్పున రాగి తీగతో బిగించాడు. గాడి తీయకుండా చదునైన రేకు మీద పైపు ఆనించి తీగతో కట్టి వదిలేసే పద్ధతి వీడియోల్లో కనిపిస్తుంది. అది తాకేది ఒక గీత మందాన. అలా కట్టిన పెట్టె కింద ఎంత ఖరీదైన రాగి రేకు వేసినా ఫలితం ఉండదు.

రంగు గురించి ఎక్కువ చెప్పను. బైకు సైలెన్సర్‌కి కొట్టే హీట్ రెసిస్టెంట్ మ్యాట్ బ్లాక్ డబ్బాలు తెచ్చాం. బ్లాక్‌బోర్డు పెయింటు కూడా మెరుపు లేని నలుపే, చవకే, కానీ వేడికి పెచ్చులూడే భయం ఉంది. మెరిసే నల్ల ఎనామిల్ వద్దు. రంగు పలచగా ఉండాలి, మందంగా పూస్తే అదే ఒక దుప్పటవుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: రంగు వేసిన రేకును అద్దం పెట్టకుండా కొన్నాళ్ళు ఎండలో కాలనివ్వండి. లేకపోతే రంగులోని ఆవిరి అద్దం లోపలి వైపు మంచులా పట్టేస్తుంది, తుడవాలంటే పెట్టె విప్పాలి.

అద్దం. 4 ఎంఎం టఫన్డ్ అద్దమే, అంటే కాల్చి గట్టిపరిచింది. మామూలు కిటికీ అద్దం వేడెక్కి ఉన్నప్పుడు మే నెల గాలివాన మొదటి చినుకులు పడితే పగలొచ్చు. టఫన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయలేరు, అంచు గీకినా ముక్కలైపోతుంది. కాబట్టి కొలత ముందే ఖాయం చేసుకోవాలి. మా అద్దాల షాపాయన ఆర్డరు తీసుకుని బెంగళూరు నుంచి తెప్పించాడు. కొనే ముందు అంచు వైపు నుంచి చూడండి. ముదురు ఆకుపచ్చగా ఉంటే ఇనుము ఎక్కువున్న అద్దం, నూటికి 85 పాళ్ళ దగ్గర వెలుతురు లోపలికి వదులుతుంది. అంచు తెల్లగా ఉండే తక్కువ ఇనుము అద్దం 90 దాటుతుంది. నేను తెల్ల అంచుదే తీసుకున్నాను, ధర చూసి కాస్త గుండె జారింది కానీ, రోజూ వచ్చే ఎండలో ఆ అయిదు పాళ్ళు వదులుకోబుద్ధి కాలేదు. డబ్బు తక్కువుంటే ఆకుపచ్చది పెట్టుకున్నా తప్పు లేదు. టఫన్డ్ అన్న మాట దగ్గర మాత్రం రాజీ పడొద్దు. అక్రిలిక్ షీటు అయితే ఆ నీళ్ళు లేని మధ్యాహ్నానికి మెత్తబడి కిందికి వాలుతుంది. పాలికార్బొనేట్ వేడికి ఆగుతుంది, కోతులు రాళ్ళేసినా ఆగుతుంది, కానీ ఎండకి ఏటికేడు పచ్చబడుతుంది. కోతుల బెడద బాగా ఉన్న ఊళ్ళలో అదే మేలేమో ఆలోచించండి. అద్దం మీద ఇనుప వల వేస్తే దాని నీడ కూడా ఖర్చే.

అద్దాన్ని పుట్టీతో గట్టిగా బిగించేయకండి. అద్దం కన్నా అల్యూమినియం ఫ్రేము రెండింతల పైగా సాగుతుంది. చుట్టూ మూడు మిల్లీమీటర్లు వదిలి ఈపీడీఎం రబ్బరు బీడింగు మీద కూర్చోబెట్టాలి. కిటికీల వాళ్ళ దగ్గర దొరికే మామూలు పీవీసీ బీడింగు ఎండకి బిరుసెక్కి చిట్లుతుంది.

వేడి కిందికి పోకుండా రేకు కింద వేసే దుప్పటి దగ్గరే ఎక్కువమంది డబ్బు మిగుల్చుకుంటారు, తర్వాత అక్కడే పోగొట్టుకుంటారు. థర్మోకోల్ చవక, తేలిక, ప్రతి వీధిలో దొరుకుతుంది, వేడిని ఆపడంలో గాజు ఉన్నికి ఏమీ తీసిపోదు. నీళ్ళున్నంత కాలం కూడా మర్యాదగానే ఉంటుంది. 80 డిగ్రీలు దాటితే కుదించుకుపోవడం మొదలవుతుంది. ఒక ముక్కను నల్ల రేకు కింద పెట్టి మిద్దె మీద ఎండలో వదిలి చూపించాను మా పిల్లలకి. సాయంత్రానికి నూనెలో వేసిన అప్పడంలా వంకర తిరిగి కూర్చుంది. గాజు ఉన్ని గానీ రాక్ ఊల్ గానీ తీసుకోండి, 50 ఎంఎం మందం, సాంద్రత ఘనపు మీటరుకు 48 కిలోలు. ఏసీ డక్టుల పని చేసేవాళ్ళ దగ్గర మిగులు ముక్కలు దొరుకుతాయి, మాకు అలాగే దొరికింది. అందులో కూడా జిగురు ఎక్కువున్న రకం గోధుమ రంగు పొగ వదిలి అద్దాన్ని మసకబారుస్తుంది. రేకుకీ ఉన్నికీ మధ్య అల్యూమినియం ఫాయిల్ పరిచి అంచులు టేపుతో మూసేశాం. గాజు ఉన్ని పట్టుకునేటప్పుడు నిండు చేతుల చొక్కా, మాస్కు, గ్లవ్స్ ఉండాలి. నా మాట విని తీరాలి, ఆ దురద రెండు స్నానాలకి వదలదు.

ఊక, రంపపు పొట్టు, కొబ్బరి పీచు కూడా పొడిగా ఉంటే బాగానే పనిచేస్తాయి. మా అత్తగారు ఊక బస్తా ఇస్తానని ముందుకొచ్చారు కూడా. ఎలకలు, చెదలు, వాన చెమ్మ, ఆ మూడింటినీ ఆపగలిగితేనే. ఏ దుప్పటైనా తడిస్తే పనికిరాదు, అందుకే పెట్టె కింది అంచుకి చెమ్మ పోయే చిన్న కన్నాలు తప్పకుండా వేయించండి.

పెట్టెకి చెక్క వద్దు, ఇనుప యాంగిల్ బరువు. మా ఊరి పాతూరులో అల్యూమినియం కిటికీలు చేసే షాపులో మిగిలిపోయిన సెక్షన్లతో పెట్టె కట్టించాం. ఈ పనికి పాత సామాను హాయిగా వాడుకోవచ్చు, ఎవరూ వంక పెట్టలేరు. స్టాండు వాలు మాత్రం ఆ షాపతను తన ఇష్టానికి పెట్టబోయాడు. మా అక్షాంశం 14.7 డిగ్రీలు. వేడి నీళ్ళు కావాల్సింది చలికాలంలో కాబట్టి దానికి పది పదిహేను కలిపి, దక్షిణానికి తిప్పి, 27 దగ్గర ఆపించాను.

ట్యాంకు దగ్గర మళ్ళీ డబ్బు తీయాలి. స్టెయిన్‌లెస్ స్టీలులో రకాలకు అంకెలుంటాయి: 202 నాసిది, 304 మేలు, 316 ఇంకా మేలు. స్టీలు షాపులో ఎవరినడిగినా "304 అమ్మా" అంటారు. అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు చూడండి అంటారు. 202 రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు. దాన్ని పట్టుకోవడం పాత స్టీలు సామాను కొనే కొట్లో వాళ్ళకి తెలుసు. వాళ్ళ దగ్గర చిన్న సీసాలో ఒక మందు, ఒక బ్యాటరీ ఉంటాయి. స్టీలు మీద చుక్క వేసి బ్యాటరీ ఆనిస్తే మాంగనీసు ఎక్కువున్న 202 అయితే ఎరుపు తిరుగుతుంది. మేం రేకు కొనకముందే ఒక ముక్క తీసుకెళ్ళి చూపించుకున్నాం. అతుకులు ఆర్గాన్ వెల్డింగే చేయించాలి. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్ళకి 304 కూడా పూర్తి భరోసా కాదు, వేడి నీళ్ళలో క్లోరైడు దాన్ని అతుకుల దగ్గర కొరుకుతుంది. స్తోమత ఉంటే 316. లేకపోతే గీజరు రిపేరు షాపుల్లో దొరికే మెగ్నీషియం రాడ్డు ఒకటి (ట్యాంకు బదులు తానే అరిగిపోయేది) లోపల బిగించుకుని, అరిగినప్పుడల్లా మార్చుకోవాలి. మేం చేసింది రెండోది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఆలోచన మానుకోండి. వేడికి ఉబ్బుతుంది, పైగా అంతకుముందు అందులో ఏ రసాయనం పోశారో అమ్మేవాడికే తెలియదు.

ట్యాంకుకీ ఇంట్లోకీ వేసే పైపుల్లో సీపీవీసీ, అంటే వేడి నీళ్ళకి వాడే ప్లాస్టిక్ పైపు, మంచిదే, కానీ దాని హద్దు 93 డిగ్రీలు. పెట్టె ఎండినప్పుడు అక్కడ పుట్టేది అంతకన్నా వేడి ఆవిరి. అందుకే పెట్టె నుంచి బయటికొచ్చే మొదటి మీటరు రాగి, తర్వాతే సీపీవీసీ. హెడరుకీ పైపుకీ మధ్య జాయింటుగా కారు రేడియేటర్ హోసు ముక్క వేసి క్లిప్పులు బిగించాడు మా మరిది. ఇంజను వేడికి ఏళ్ళ తరబడి ఆగే రబ్బరది, ఆటో స్పేర్ పార్టుల షాపులో దొరుకుతుంది. ఈ మొత్తం సామానులో నాకు అన్నిటికన్నా నచ్చిన కొనుగోలు అదే. తోటలో వాడే ట్యూబు మాత్రం వద్దు. పైపుల మీద వేడి పోకుండా నైట్రైల్ ఫోమ్ (నురగలాంటి రబ్బరు గొట్టం) తొడిగి, ఎండకి అది పొడిపొడి కాకుండా అల్యూమినియం టేపు చుట్టాలి. వేడి పైపు పొడవునా పైకే ఎక్కుతూ పోవాలి, ఒక్కచోట కిందికి దిగినా గాలి పట్టేస్తుంది. వేడి నీళ్ళ ట్యాంకు మీది ఎయిర్ వెంట్ పైపు, చల్ల నీళ్ళ ట్యాంకు మట్టం కన్నా ఎత్తుగా, నోరు తెరిచి ఉండాలి. దానికి వాల్వు పెడతానని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. ఆవిరి పోయే దారి అదొక్కటే.

డబ్బు సంగతి దాచను. కూలి కలుపుకుంటే, బజార్లో దొరికే గాజు ట్యూబుల సోలార్ కన్నా మాకు చవగ్గా ఏమీ పడలేదు. డబ్బు మిగుల్చుకోవడమే ఉద్దేశమైతే, మీ నీళ్ళు మంచివైతే, ట్యూబుల రకం కొనుక్కోండి, వేడి కూడా బాగానే చేస్తుంది. మా లాంటి నీళ్ళకి దాంతో రెండు చిక్కులు. సున్నం ట్యూబు అడుగున చేరుతుంది. ఎండిపోయి కాలుతున్న ట్యూబులోకి చల్ల నీళ్ళు పడితే గాజు పగులుతుంది. మాది అలా ఎండినా పగలదు, సాయంత్రం చల్లబడ్డాక నీళ్ళు వదులుకుంటే చాలు. సున్నం రాగిలోనూ పేరుకుంటుంది. అందుకే హెడర్లకి నాలుగు మూలలా ఇత్తడి యూనియన్లు పెట్టించాం. ఏడాదికోసారి వాటిని విప్పి, పెట్టెను ట్యాంకు నుంచి విడదీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు నింపి ఒక పూట ఉంచి కడిగేస్తే మళ్ళీ పైపులు తెరుచుకుంటాయి. యూనియన్ల దగ్గర జీఐవి పెట్టించి నాలుగు వందలు మిగుల్చుకుంటే, విప్పాల్సిన రోజున అవి కదలవు.